వంట చూపించే ఊళ్లు

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు పట్టాలు విహారయాత్రల కోసం వేసినవి కావు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు అమ్మాలని 1960లో ఒప్పందం కుదిరింది. ఆ సరుకు విశాఖ రేవుకు చేరాలంటే తూర్పు కనుమల్ని తొలిచి దారి చెయ్యాలి. జపాన్ ఆర్థిక సాయం తోడై 1966–67లో కొత్తవలస–కిరండూల్ మార్గం సిద్ధమైంది. 58 సొరంగాలు, లెక్కకు మిక్కిలి వంతెనలు, మధ్యలో సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. ఖనిజం గూడ్సులు ఇప్పటికీ ఆ దారిన దిగుతూనే ఉన్నాయి. వాటికి ఎదురుగా కొండెక్కే బండిలో మాత్రం జనం కాఫీ తాగడానికీ, బొంగు చికెన్ తినడానికీ పోతున్నారు. 2017 ఏప్రిల్‌లో గాజు కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక ఈ ప్రయాణానికి గిరాకీ ఇంకా పెరిగింది.

మన ఇనుము కొనుక్కున్న జపాన్ ఆ తర్వాతి కాలంలో ఇంకో పని కూడా చేసింది. తిండిని చూడదగ్గ వింతగా మార్చింది. నూడుల్స్‌కు మ్యూజియం కట్టింది, బిస్కెట్‌కు పార్కు కట్టింది, చేపల వేలం చూడ్డానికి గ్యాలరీ పెట్టింది. ఇప్పుడు జపాన్ వెళ్లే మనవాళ్ల చేతుల్లో ఫూజీ పర్వతంతో పాటు ఈ తిండి మజిలీల జాబితా కూడా ఉంటోంది. వాటిలో ఏం చూపిస్తారో, ఎందుకు జనం ఎగబడతారో తెలుసుకుంటే విశాఖలోని మద్దిలపాలెం కూడలి నుంచి బస్సెక్కి చేరగల ఊళ్లను చూసే చూపు కూడా మారుతుంది.

యొకొహామాతో మొదలుపెట్టొచ్చు. విశాఖలాగే అదీ రేవు పట్నం. 1859లో విదేశీ ఓడలకు తలుపులు తీసింది. ఓడల వెంట చైనా వర్తకులు, వాళ్ల వెంట వేడి పులుసులో తేలే గోధుమ నూడుల్స్ దిగాయి. రామెన్‌గా జపానంతా పాకిన వంటకం మూలాలు ఇలాంటి రేవుల్లోనే ఉన్నాయి. 1994 మార్చిలో ఆ నగరంలో షిన్-యొకొహామా రామెన్ మ్యూజియం తెరిచారు. పైన చరిత్ర చెప్పే గది ఒకటి ఉంది గానీ, అసలు సరదా నేల కిందే. మెట్లు దిగితే 1958 నాటి వీధి ఎదురవుతుంది. పాత సినిమా పోస్టర్లు, గుడ్డి దీపాలు, సందులు, పొద్దుగూకే వేళ ఆకాశంలా రంగులద్దిన పైకప్పు. ఆ సందుల్లో జపాన్ నలుమూలల రామెన్ దుకాణాలు. సగం గిన్నె కూడా అమ్ముతారు కాబట్టి, కడుపు సహకరిస్తే ఒకే పూటలో రెండు మూడు ప్రాంతాల పులుసు రుచి చూడొచ్చు.

వీధికి 1958నే ఎందుకు ఎంచుకున్నారు? ఆ ఏడాది ఆగస్టులో మొమోఫుకు ఆండో అనే ఆయన ప్రపంచంలో తొలి ఇన్‌స్టంట్ రామెన్‌ను బజారుకు తెచ్చాడు. ఒసాకా దగ్గర ఇకెదాలో, ఇంటి వెనకాల ఓ చిన్న పాకలో నెలల తరబడి కుస్తీపట్టి చేసిన సరుకది. నూడుల్స్‌ను ఎండబెట్టే ఉపాయం దొరక్క తల పట్టుకున్న మనిషికి, భార్య నూనెలో తెంపురా అనే బజ్జీలు వేయిస్తుంటే దారి కనపడిందని చెబుతారు. మరిగే నూనెలో పడగానే పిండిలోని తడి ఆవిరై పోతుంది. ఆ తడి ఉన్న చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వేడినీళ్లు పోస్తే అవే రంధ్రాల్లోంచి నీరు పీల్చుకుని నూడుల్స్ మెత్తబడతాయి. మన కిరాణా కొట్లలో టాప్ రామెన్ ప్యాకెట్ కనపడుతుందే, అది ఆండో పెట్టిన నిస్సిన్ కంపెనీదే.

ఆ పాకను ఉన్నదున్నట్టు మళ్లీ కట్టి చూపిస్తారు కప్ నూడుల్స్ మ్యూజియంలో. 1999లో ఇకెదాలో ఒకటి, 2011లో యొకొహామాలో ఇంకొకటి తెరిచారు. పిల్లలకు పాక పెద్దగా పట్టదు. వాళ్ల గోలంతా పక్క హాల్లో. ఖాళీ కప్పు కొని దానిమీద రంగు పెన్నులతో బొమ్మలు గీసుకోవాలి, నాలుగు రకాల సూపుల్లో ఒకటి, పన్నెండు రకాల ముక్కల్లోంచి నాలుగు ఎంచుకోవాలి. అన్నీ కలిపితే 5,460 రకాల కప్పులు సాధ్యమట. లెక్కల మాస్టారెవరైనా వెంట ఉంటే సరిచూసుకోవచ్చు. ఒకే ముక్కను రెండోసారి, మూడోసారి కూడా వేయించుకోవచ్చనుకుంటే లెక్క సరిగ్గా తేలుతుంది. లోపలున్నది అంగట్లో దొరికే సరుకే. కానీ తన చేత్తో గీసిన కప్పును పిల్లాడు పారేయనివ్వడు.

షికోకు దీవిలో కగవా అనే ప్రాంతం ఉదోన్ అనే లావుపాటి గోధుమ నూడుల్స్‌కు పేరుపడింది. అక్కడ కొతొహిరాలో నకానో ఉదోన్ స్కూల్ అని ఉంది. చేరినవాళ్లు ముందు పిండి కలపాలి. తర్వాత ఆ ముద్దను సంచిలో పెట్టి నేలమీద పరచి, హుషారైన పాటలు పెట్టి కాళ్లతో తొక్కమంటారు. చేతులతో పిసికితే లొంగని గట్టిపిండి అది. విదేశీయులు, బామ్మలు, బడిపిల్లలు అంతా కలిసి పిండిమీద చిందులేస్తారు. తొక్కి, ఒత్తి, కోసి, ఉడికించి, ఎవరి నూడుల్స్ వాళ్లే తిన్నాక అప్పడాల కర్రతో పాటు యోగ్యతాపత్రం కూడా చేతిలో పెడతారు.

ఇంకో విచిత్రం గుజో హచిమన్ ఊరిది. జపాన్ హోటళ్ల అద్దాల వెనక వంటకాల నమూనాలు వరసగా పెట్టి ఉంటాయి. వాటిని వ్యాపారంగా మలచిన ఇవాసాకి తకిజో పుట్టిన ఊరది. 1932లో ఆయన ఒసాకాలో దుకాణం తెరిచాడు. నమూనాలు ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తున్నా, ఊరికి వచ్చినవాళ్లకు పాత పద్ధతిలో మైనంతోనే నేర్పుతారు. గోరువెచ్చని నీళ్ల తొట్టి ముందు నిలబెట్టి, కరిగిన తెల్ల మైనం, ఆకుపచ్చ మైనం నీటి మీద పోయిస్తారు. అది పల్చటి పొరగా పరుచుకుంటుంది. పొర అంచును రెండు చేతులతో పట్టి మెల్లగా నీళ్లలోకి లాగితే ముడతలు పడుతూ ఆకులా సాగుతుంది. పైకి తీసి గుండ్రంగా చుట్టి, నడిమికి కత్తితో కోస్తే లోపల పొరలుపొరలుగా లెట్యూస్ అనే క్యాబేజీ లాంటి ఆకుకూర. తినడానికి పనికిరాని వస్తువే, అయినా చేస్తున్నంతసేపూ చుట్టుపక్కల మనుషులు ఊపిరి బిగబట్టి చూస్తారు. తిండి ఆకారాల పిచ్చి మనకూ లేకపోలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ మ్యూజియంలో బర్గర్ కారు, వంకాయ కారు నిజంగానే రోడ్డుమీద నడుస్తాయి.

అయితే జపాన్‌లో తలుపు తెరిచిన తిండి పార్కులన్నీ నిలబడ్డాయనుకుంటే పొరపాటు. 2000 దశకం మొదట్లో అక్కడ ఫుడ్ థీమ్ పార్కుల జ్వరం పట్టుకుంది. 2001లో యొకొహామాలో కూర మ్యూజియం తెరిచారు, 2007లో మూతపడింది. ఇలాంటివి మరికొన్ని కూడా సర్దుకున్నాయి. కారణాలు వేరువేరు కావొచ్చు గానీ, తేడా ఒకటి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పది దుకాణాలను ఒకే కప్పు కిందకు తెచ్చి టిక్కెట్టు పెట్టినంత మాత్రాన జనం మళ్లీ మళ్లీ రారు. చెయ్యి పెట్టనిచ్చిన చోటుకు, తయారీ చూపించిన చోటుకు వస్తారు. సప్పొరోలోని షిరోయ్ కొయిబితో పార్కులో బిస్కెట్లు తయారయ్యే వరసను అద్దాల వెనక నుంచి చూడ్డానికే జనం బారులు తీరతారు. మన ఊళ్లలో ఫుడ్ ఫెస్టివల్ పేరిట నలభై స్టాళ్లు వేసి, మైకులో పాటలు పెట్టి చేతులు దులుపుకునే నిర్వాహకులు ఈ తేడా గమనిస్తే మంచిది.

జపాన్ వెళ్లే తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. శాకాహారులకు అక్కడ అసలు చిక్కు ముక్కల్లో లేదు, పులుసులో ఉంది. దాషి అనే మూల రసాన్ని ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. పైకి కూరగాయలే తేలుతున్న ఉదోన్ గిన్నెలో కూడా అది ఉంటుంది. బౌద్ధ మఠాల షోజిన్ ర్యోరి భోజనం మాత్రం చేప, మాంసం లేకుండా వండుతారు; కోయాసాన్ కొండమీద మఠాల్లో బస చేసినవాళ్లకు అదే వడ్డిస్తారు. మరీ నాలుక పీకేస్తుంటే టోక్యోలో ఒకచిమాచి స్టేషను దగ్గర ఆంధ్రా కిచెన్, గింజాలో ఆంధ్రా డైనింగ్ ఉన్నాయి. అక్కడ పప్పూ చారుతో భోంచేసేవాళ్లలో జపానీయులే ఎక్కువ. కూర అన్నం జపాన్‌కు కొత్త కాదు లెండి. షింజుకులోని నకమురాయా దుకాణం 1927 నుంచి భారతీయ పద్ధతి కూర అమ్ముతోంది. దాన్ని అక్కడ పరిచయం చేసింది బ్రిటిష్ వాళ్ల కళ్లుగప్పి జపాన్ చేరి, ఆ దుకాణం వాళ్లింటి అల్లుడైన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్.

ఇక మద్దిలపాలెం. ఒకపక్క ఆర్టీసీ డిపో, ఇంకోపక్క సీఎంఆర్ సెంట్రల్ మాల్, ఆంధ్రా యూనివర్సిటీ పిల్లల రాకపోకలు, మధ్యలోంచి 16వ నంబరు జాతీయ రహదారి. హనుమంతవాక వైపు తిరిగితే శ్రీకాకుళం, గురుద్వారా వైపు తిరిగితే అనకాపల్లి, ఆపైన గోదావరి జిల్లాలు. సాయంత్రమైతే టిఫిన్ బండ్ల దగ్గర బజ్జీ, మురీ మిక్చర్ కోసం నిలబడేవాళ్లకు ఈ కూడలి ఓ తినుబండారాల పటం మధ్యలో ఉందన్న ఊహ రాకపోవచ్చు. కానీ ఇక్కణ్ణుంచి తెల్లారి బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేలా చూసి రాదగ్గ తిండి ఊళ్లు ఇన్ని ఉన్న నగరాలు మన రాష్ట్రంలో అరుదు.

అన్నిటికంటే దగ్గరిది, ఊళ్లోనే ఉన్నది, ఎవరూ పర్యాటక స్థలంగా లెక్కపెట్టనిది ఫిషింగ్ హార్బరు. తెల్లారేసరికి బోట్లు ఒడ్డుకు చేరతాయి. వంజరం, చందువ, పండుగొప్ప, రొయ్యలు, పెద్ద ట్యూనాలు నేలమీద కుప్పలుగా పడతాయి. వేలం పాట మొదలైతే కొత్తవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అర్థమయ్యేలోపు సరుకు చేతులు మారిపోతుంది. నేలంతా చేపనీళ్లు, ఐసు ముక్కలు. గంపలు మోసేవాళ్లు "తప్పుకోండి బాబూ, తప్పుకోండి" అంటూ దూసుకుపోతారు. చూడ్డానికి వచ్చినవాడు ఎక్కడ నిలబడినా ఎవరికో ఒకరికి అడ్డమే.

టోక్యోలో ఇదే తంతు పెద్ద ఆకర్షణ. సుకిజిలోని పాత టోకు మార్కెట్ 2018 అక్టోబరులో తొయోసుకు మారింది. అక్కడ ట్యూనా వేలం దగ్గర్నుంచి చూడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకుని లాటరీలో నెగ్గాలి. 2019 కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల ట్యూనా ఒకటి 33 కోట్ల 36 లక్షల యెన్‌లకు పలికి ప్రపంచమంతా వార్తయింది. విశాఖ హార్బరులో ఆ ధరలు రావు గానీ, సందడికి లోటు లేదు. పనివాళ్లకు అడ్డం రాకుండా ఓ ఎత్తైన నడవ, చేపల పేర్లు రాసిన నాలుగు బోర్డులు, కాళ్లు కడుక్కునే కుళాయి ఉంటే చాలు. ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియం చేసిన నగరమిది. 2017లో టీయూ-142 యుద్ధవిమానాన్ని దాని ఎదురుగా నిలబెట్టింది. ఒక నడవ కట్టడం దానికి కష్టమేమీ కాదు.

అరకు సంగతి వేరు. అక్కడ కొంత పని ఇప్పటికే జరిగింది. గిరిజన మ్యూజియానికి దగ్గర్లో కాఫీ మ్యూజియం ఉంది. కాఫీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే బొమ్మలు, బోర్డులు చూసి, కాఫీ తాగి, చాక్లెట్ పూత పూసిన కాఫీ గింజల పొట్లం కొనుక్కుని బయటపడతారు చాలామంది. అదీ బాగానే ఉంటుంది. కానీ అరకు కాఫీ కథలో అసలు భాగం గోడల మీద లేదు, అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన తోటల్లో ఉంది.

కాఫీ ఈ కొండలకు తెల్లవాళ్లు తెచ్చిన పంట. 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో మొదట నాటారని చెబుతారు. అక్కణ్ణుంచి అది నెమ్మదిగా అరకు, చింతపల్లి, పాడేరు వైపు పాకింది. నిటారుగా ఎదిగిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకుని మిరియాల తీగలు. ఒకే నేలమీద మూడంతస్తుల సాగు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక జల్లు పడితే మొక్కంతా తెల్లగా పూస్తుంది, ఆ పూల వాసన మల్లెకు దగ్గరగా ఉంటుంది. ఆ పూత కాయై పండడానికి ఏడెనిమిది నెలలు. నవంబరు నుంచి జనవరి దాకా పండ్లు కోస్తారు.

కాఫీ పండు ఎర్రగా, రేగుపండంత ఉంటుంది. నొక్కితే తొక్క చిట్లి లోపలి నుంచి జిగురుగా, తియ్యగా గుజ్జు వస్తుంది. దాని మధ్యలో రెండు గింజలు చదునువైపు ఎదురెదురుగా అతుక్కుని ఉంటాయి. అప్పటికి వాటికి కాఫీ వాసనే ఉండదు. పచ్చి బఠాణీ వాసన వస్తుంది. పండ్లను యంత్రంలో వేసి తొక్క ఊడదీస్తారు, జిగురు వదిలేలా నానబెట్టి కడుగుతారు, పైన పల్చని పొర ఉండగానే ఎండబోస్తారు. ఆ పొర తీసి వేపాకే మనకు తెలిసిన వాసన పుడుతుంది. ఒక్కో చెట్టుమీద పండ్లన్నీ ఒకేసారి ఎరుపెక్కవు. ఎర్రనివి మాత్రమే ఏరుకుంటూ కోసేవాళ్లు మళ్లీ మళ్లీ ఆ చెట్టు దగ్గరకే రావాలి. ఆకుపచ్చనివి, సగం పండినవి కలిస్తే కప్పులో చేదు, వగరు. రుచి నిర్ణయమయ్యేది ఆ కొమ్మ దగ్గరే. మ్యూజియంలో పది బోర్డులు చదివినా అందని విషయం గిరిజన మహిళ పక్కన అరగంట నిలబడితే తెలుస్తుంది.

1956లో ఏర్పడి, విశాఖ కేంద్రంగా నడిచే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, రైతుల దగ్గర గింజలు కొని అరకు వ్యాలీ కాఫీ పేరుతో అమ్ముతోంది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేయూతతో సాగైన కాఫీ 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం తెరిచింది. మరుసటి ఏడాది అక్కడే ప్రి ఎపిక్యూర్ బంగారు బహుమతి అందుకుంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025లో పార్లమెంటు ఆవరణలోనూ స్టాళ్లు వెలిశాయి. ప్యారిస్ వాళ్లు కప్పు పట్టుకుని గింజ ఊరు అడుగుతుంటే, అరకు వచ్చిన మనవాళ్లు వ్యూ పాయింట్ దగ్గర సెల్ఫీ దిగి, ప్లాస్టిక్ కప్పులో పాలెక్కువ పంచదారెక్కువ కాఫీ తాగి వెనక్కి వస్తున్నారు.

ఒక మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. 2025లో కాఫీ కాయ తొలుచు పురుగు మొదటిసారి అరకు తోటల్లో బయటపడింది. పండులోకి దూరి గింజను గుల్ల చేసే పురుగది. ఒక తోట నుంచి ఇంకో తోటకు సంచుల్లో, పండ్లలో ప్రయాణిస్తుంది. సరదాకి నాలుగు పండ్లు తుంపి జేబులో వేసుకుని పక్క ఊళ్లో తోట చూడబోయే అలవాటు మానుకోవాలి.

బొంగు చికెన్ మాటెత్తకుండా అరకు ముచ్చట ముగిస్తే పాఠకులు ఊరుకోరు. ఉప్పు, కారం, మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగులోని పచ్చితనం ఆవిరిగా మారి ముక్కను ఉడికిస్తుంది. "ఆయిల్ చుక్క కూడా వెయ్యలేదండి" అని అమ్మేవాళ్లు చెప్పేది అందుకే నిజం. రోడ్డు పక్కన వరసగా కాల్చి నిలబెట్టిన బొంగులు కొనేకంటే, కళ్లముందు కూరి కాల్పించుకునే చోటు వెతుక్కుంటే రుచీ తెలుస్తుంది, పద్ధతీ తెలుస్తుంది. ఎండు బొంగైతే కాలిపోతుంది. కాబట్టి బొంగు ఎప్పుడు కొట్టారని అడగడంలో తప్పు లేదు.

ఇటు అనకాపల్లి వైపు చూస్తే మనసు చివుక్కుమంటుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అక్కడుంది. వందేళ్లు దాటిన చెరకు పరిశోధన కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో గానుగ ఆడే రోజుల్లో రోడ్డుమీదకే తియ్యటి ఆవిరి కొడుతుంది. చెరకు రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పినే కింద మంటేసి కాస్తారు. తెట్టు తీస్తూ, సున్నం కలిపి, పాకం ఏ క్షణంలో దించాలో చూపుతోనే చెప్పేవాడు ఒకడుంటాడు. ఆ క్షణం దాటితే సరుకు మాడుతుంది, ముందైతే గట్టిపడదు. వేడి పాకాన్ని చల్లార్చి దిమ్మలు కడతారు. ఇంత తతంగం రుచితో, వాసనతో, మంటతో సహా జరుగుతుంటే టిక్కెట్టు కొని చూడ్డానికి ఒక్క చోటు లేదు. ఆంధ్ర దేశంలో ఏ పండగా బెల్లం లేకుండా జరగదు, ఆ బెల్లం పుట్టుక చూసిన పిల్లలు మాత్రం మద్దిలపాలెంలో తక్కువే.

చూపిస్తే బెల్లానికే మేలు. పసుప్పచ్చగా మెరిసే బెల్లమే మంచిదని కొనేవాళ్లు పట్టుబట్టడం వల్లే వండేవాళ్లు రంగుకోసం హైడ్రోస్ అనే రసాయనం కలపడానికి అలవాటుపడ్డారు. పెనం పక్కన నిలబడి ముదురు గోధుమరంగు దిమ్మ ముక్క నోట్లో వేసుకున్నవాడు మళ్లీ రంగు చూసి కొనడు. యొకొహామాలో పిల్లాడి చేతికి ఖాళీ కప్పిచ్చినట్టు, అనకాపల్లిలో చిన్న అచ్చు ఒకటిచ్చి వేడి పాకం పోయిస్తే సరి.

అనకాపల్లి జిల్లాలోనే మాడుగుల ఉంది. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి పాలు తీసి, పులియబెట్టి, నెయ్యి, పంచదార వేసి కట్టెల పొయ్యి మీద గంటలకొద్దీ తిప్పితే మాడుగుల హల్వా. ఆ గరిటె తిప్పుడు చూసినవాళ్లకు హల్వా ధర ఎక్కువనిపించదు.

జాతీయ రహదారి మీద ఇంకా ముందుకుపోతే అన్నవరంలో విస్తరాకులో కట్టిన గోధుమనూక ప్రసాదం, మండపేట పక్కన తాపేశ్వరం కాజా. తాపేశ్వరం మిఠాయి దుకాణం ఒకటి 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఇంకాస్త దూరంలో ఆత్రేయపురం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులు అక్కడ ఇంటింటా తయారవుతాయి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. మెత్తగా రుబ్బిన జయ బియ్యం పిండిని నీళ్లలా కలిపి, పల్చటి గుడ్డను అందులో ముంచి కుండమీద వేసి లాగేస్తారు. గుడ్డ దాటిన చోట క్షణంలో పొర ఆరిపోయి లేస్తుంది. గుజో హచిమన్‌లో మైనం నీళ్లమీద చేసే పని ఇక్కడ పిండి నిప్పుమీద చేస్తుంది. తేడా ఏమిటంటే దీన్ని తినొచ్చు. గుడ్డ ఇవ్వమని అడిగితే ఆ ఇళ్ల ఆడవాళ్లు నవ్వుతూ ఇస్తారు. కొత్తవాళ్ల చేతిలో రేకు చిల్లులు పడుతుంది, అంచులు మాడతాయి, వాళ్లింకా నవ్వుతారు. పెద్దగా చెప్పుకోకపోయినా ఇది జపాన్ వాళ్లు టిక్కెట్టు పెట్టి నేర్పే పాఠమే.

ఇవన్నీ ఒక దారానికి గుచ్చే సూది మనకు ఇంకా దొరకలేదు. జపాన్ 1993 నుంచి రహదారుల పక్కన మిచి-నో-ఎకి అనే విశ్రాంతి స్థలాలు కట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడవి వెయ్యి దాటాయి. బాత్రూములు, పార్కింగ్ ఎటూ ఉంటాయి. వాటితో పాటు ఆ ఊరి రైతుల కూరగాయలు, ఆ ఊరి ఊరగాయలు, ఆ ఊరి వంటకం వడ్డించే భోజనశాల. అంతకుముందే 1979లో ఓయితా రాష్ట్రంలో ఒక పల్లెకు ఒక సరుకు అనే ఉద్యమం లేచింది. మన దగ్గర జిల్లాకో ఉత్పత్తి, 2022లో రైల్వే మొదలుపెట్టిన స్టేషనుకో ఉత్పత్తి పథకాలు ఆ బాటలోవే. స్టేషను స్టాలులో సరుకు అమ్ముడవుతుంది గానీ చేసే చేతులు కనపడవు. అనకాపల్లి దాటాక రహదారి పక్కన ఓ గానుగ, ఓ పెనం, మాడుగుల గరిటె, అరకు గింజలు వేపే పొయ్యి ఒక్కచోట చేరితే, మద్దిలపాలెంలో బస్సెక్కిన కుటుంబానికి ఒక పూట చాలదు.

అంతదాకా ఆగనక్కర్లేదనుకునేవాళ్లు కాలం చూసుకుని కదిలితే చాలు. కాఫీ పండ్లు చూడాలంటే డిసెంబరు మేలు. చలి కూడా అప్పుడే బాగుంటుంది, కాకపోతే విస్టాడోమ్ టిక్కెట్లు ముందే నిండిపోతాయి. గానుగలు సంక్రాంతి చుట్టుపక్కల జోరుమీద ఉంటాయి, వెళ్లేముందు ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి పొయ్యి వెలిగిందో లేదో కనుక్కోవాలి. హార్బరుకు మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వెళ్లి లాభం లేదు. చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ వేట నిషేధం. మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు.